శనివారం జోస్యాలు

మా ఆయన బిగ్గరగా నవ్వడం నేను మొదటిసారి విన్నది పెళ్లయిన నాలుగో ఏట. కువైట్‌లోని సాల్మియాలో మా వీధి చివర ఇరాక్ సైనికులు ఇసుక బస్తాలు పేర్చుకుని కూర్చున్న రోజులవి. నేను వంటగదిలో పొద్దుటి ఖుబ్బుస్ రొట్టెలు పెనం మీద వెచ్చబెడుతున్నాను. గోడకవతల చిన్న గదిలోంచి నవ్వు వినిపించింది. ఎవరిదో అర్థం కాలేదు. ఆ గదిలో ఉన్నది ఇద్దరే. ఒకరు మా ఆయన, రెండోవారు మేము దాచిన అమెరికన్. అమెరికన్ గొంతు నాకప్పటికే అలవాటైంది. కాబట్టి ఆ నవ్వు మా ఆయనదే అయ్యుండాలి.

రొట్టె మాడిపోయింది. మాడిందే తీసుకెళ్లి ఆయన పళ్లెంలో వేశాను.

మా ఆయన ఒక కట్టడాల కంపెనీలో కొలతలు, అంచనాలు చూసే ఉద్యోగి. నేను అక్కడి ఇండియన్ స్కూల్లో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేదాన్ని. ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చాక స్కూలూ లేదు, కంపెనీ లేదు. అమెరికా, బ్రిటన్ వాళ్లని ఎక్కడ కనపడితే అక్కడ పట్టుకుని బాగ్దాదుకి తీసుకుపోతున్నారు. వాళ్లని దాచినవాళ్లకి ఉరి అని రేడియోలో ప్రకటించారు. అలాంటి సమయంలో ఒక మధ్యాహ్నం మా ఆయన తన సైటు మేనేజర్ని కారు వెనక సీట్లో కార్పెట్ చుట్ట కింద పడుకోబెట్టి తీసుకొచ్చారు. నన్ను అడగలేదు. "కొన్నాళ్లు ఇక్కడే ఉంటారు" అన్నారు. అంతే. ఏ విషయమైనా ఆయన చెప్పే తీరు అదే. ఉద్యోగం మారినప్పుడూ అంతే, వాళ్ల నాన్నగారు పోయినప్పుడూ అంతే.

భయపడ్డాను. కానీ వద్దనలేదు. ఆ పెద్దమనిషికి యాభై దాటాయి, మోకాళ్ల నొప్పులు. వంటగది పక్కన పనిమనిషి కోసం కట్టిన చిన్న గదిలో, కిటికీకి దుప్పటి కట్టుకుని, అడుగు చప్పుడు వినపడకుండా మేజోళ్లతో తిరిగేవాడు. ఏం పెట్టినా "థాంక్యూ మేడమ్" అని తినేవాడు. పప్పుచారు గ్లాసులో పోసుకుని టీలాగా తాగేవాడు. ఆయన మీద నాకు జాలి ఉండేది. ఆ జాలి సెప్టెంబరు దాకా నిలిచింది.

సెప్టెంబరులో వాళ్ల దేశంలో ఆట మొదలైంది. ఫుట్‌బాల్ అంటారు గానీ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, చేత్తో పట్టుకుని పరిగెడతారు, అవతలివాళ్లు మీదపడి కింద పడేస్తారు. జట్టులో ఒకడు వెనక నిలబడి, ఎవరికి బంతి విసరాలో కళ్లతో వెతుకుతుంటాడు. జట్టు బాగోగులన్నీ వాడి భుజం మీదే. ఇవన్నీ నాకెవరూ చెప్పలేదు. గోడకి చెవి పెట్టి నేర్చుకున్నాను.

ఆ పెద్దమనిషి పర్సులో ఒక చిన్న అట్ట ఉండేది. వాళ్ల ఊళ్లో ఏదో దుకాణం వాళ్లు ఊరికే పంచిపెట్టినది. ఏ ఆదివారం ఏ ఊరు ఏ ఊరితో ఆడుతుందో అందులో అచ్చువేసి ఉంది. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయనా, మా ఆయనా దాన్ని ముందు పెట్టుకుని కూర్చునేవారు. ఒక్కో ఆటనీ విడివిడిగా తిరగేసి, ఎవరు గెలుస్తారో, ఎన్ని పాయింట్లతో గెలుస్తారో ఎవరి కాగితం మీద వాళ్లు రాసుకునేవారు. వాళ్ల ఆదివారం ఆటలు మనకి తెల్లారేసరికి పూర్తయ్యేవి. సోమవారం పొద్దున ఆయన చిన్న రేడియోకి ఇయర్‌ఫోన్ పెట్టుకుని, అమెరికా స్టేషన్‌లో చదివే ఫలితాలు రాసుకునేవాడు. తర్వాత ఇద్దరూ కాగితాలు సరిచూసుకునేవారు. ఆ నవ్వు అక్కడిది.

"సొంత ఊళ్లో ఆడే జట్టుకి మూడు పాయింట్లు ముందే కలుపుకో" అని నేర్పేవాడు పెద్దమనిషి.

"మరి డెన్వరు? ఎత్తు మీద ఊరన్నారు కదా. బయటి జట్టుకి ఊపిరాడదు. మూడు చాలవు, నాలుగు కలపాలి" అనేవారు మా ఆయన.

"నువ్వు లెక్కలవాడివి! సరే, బఫెలో సంగతి చెప్పు. నవంబరులో అక్కడ మంచు పడుతుంది. కప్పు కింద ఆడే అలవాటున్న జట్టు అక్కడికి వెళ్తే?"

"చేతులు కొంకర్లు పోతాయి. బంతి జారుతుంది."

"శభాష్!"

మా ఆయన గుంటూరు ఎండలూ, ఆ ఎడారీ తప్ప మరేమీ ఎరగని మనిషి. మంచు ఎలా ఉంటుందో తెలియదు. అలాంటివాడు బఫెలోలో ఎవరి చేతులు కొంకర్లు పోతాయో చెబుతుంటే నేను అవతల గిన్నెలు చప్పుడు చేస్తూ తోమేదాన్ని. ఒకరోజు చూద్దును కదా, నా రాజ్మా గింజలు పదకొండు ఒక వైపు, శనగలు పదకొండు ఒక వైపు, బల్ల మీద జట్లుగా నిలబెట్టి ఉన్నాయి. వాటికోసం నేను రెండు బఖాలా కొట్లలో వెతికి, లైన్లో నిలబడి తెచ్చుకున్నాను. అన్నీ ఊడ్చి డబ్బాలో పోసుకున్నాను. పెద్దమనిషి "సారీ మేడమ్" అన్నాడు. మా ఆయన మాత్రం "ఆట మధ్యలో ఉంది" అన్నారు, చిన్నపిల్లాడిలా.

అసలు దెబ్బ ఆ తర్వాతి శనివారం తగిలింది. ఏదో జట్టు నాయకుడికి భుజం ఎముక విరిగిందట. అతను లేకుండా వాళ్లు గెలుస్తారా లేదా అని మాటలు నడుస్తున్నాయి. అప్పుడు మా ఆయన గొంతు వినిపించింది.

"నాకూ విరిగింది. ఇక్కడ చూడండి, ఈ బొడిపె. నేను కాలేజీ కబడ్డీ జట్టుకి కెప్టెన్ని. జిల్లా ఫైనల్లో విరిగింది. అయినా రెండోసారి కూతకి వెళ్లాను. గెలిచాం. మా నాన్నగారు ఆసుపత్రికి వచ్చి, ఇక ఆటలు మానేస్తావా, ఇల్లు వదిలేస్తావా అన్నారు. మానేశాను. ఆ తర్వాత ఏ మైదానం దగ్గరికీ వెళ్లలేదు."

నేను చేతిలో గరిటెతో అలా నిలబడిపోయాను. ఆ బొడిపె నాకు తెలియనిదా? పెళ్లయిన కొత్తలో వేలితో తాకి ఇదేంటండీ అని అడిగాను. "చిన్నప్పుడు పడ్డాను" అన్నారు. నాలుగేళ్లు నేను దాన్నే నమ్మాను. నెల రోజుల కిందట వచ్చిన మనిషికి ఆయన జీవితంలో పెద్ద సంగతి తెలిసిపోయింది. నాకు మాత్రం గోడలోంచి తెలిసింది.

ఆ నెలంతా మనవాళ్లు వెళ్లిపోతూనే ఉన్నారు. బస్రా మీదుగా బాగ్దాదు, అక్కడినుంచి అమ్మాన్, అమ్మాన్ నుంచి విమానం. మా భవనంలో ఉన్న రెండు తెలుగు కుటుంబాలూ వెళ్లిపోయాయి. మనం ఎప్పుడని అడిగితే "ఆయన్ని ఎక్కడ వదిలేస్తాం?" అనేవారు. న్యాయమైన మాటే. కానీ నా చెవికి అది ఇంకోలా వినిపించేది. మా అమ్మ దగ్గరికి నన్ను చేర్చడం కంటే, శనివారం ఆయనతో కూర్చోవడమే ముఖ్యమన్నట్టు.

మా పై అంతస్తులో కడప వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. కువైటీల ఇంట్లో పనికి చేరింది, ఆ ఇంటి యజమానురాలిని 'మామా' అని పిలిచేది. వాళ్లు సౌదీకి పారిపోతూ ఇంటిని ఆమె మీద వదిలి వెళ్లారు. మా వంటగదికీ, వాళ్ల వంటగదికీ కలిపి ఒకటే గాలి గొట్టం. మేము ఎవరిని దాచామో ఆమెకి తెలియదు. అక్టోబరులో ఆమె కూడా బయల్దేరుతూ, చెప్పి వెళ్దామని మా గుమ్మంలోకి వచ్చింది. నేను తలుపు సగమే తీశాను.

"అక్కా, రేపు పొద్దున బస్సంట. నేను పోతాండా. మా మామా ఇంట్లో ఇయ్యి ఉన్న్యాయి, నాకేం పనికొస్తాయి, నువ్వు పెట్టుకో" అని ఒక చిన్న పొట్లం చేతిలో పెట్టింది. నాలుగు కొత్త పెన్సిల్ బ్యాటరీలు. ఊళ్లో ఎక్కడా దొరకనివి.

తర్వాత కాస్త దగ్గరికి జరిగి, సిగ్గుపడుతూ అంది. "నీకొక మాట చెప్పాల అక్కా. మీ ఆయప్ప నగుతా ఉంటే మా వంటింట్లోకి ఇనపడతాది. ఈ కష్టంలో గూడా మొగుడూ పెళ్లాం అట్లా నగుకుంటా ఉండారే అని అనుకుంటా. నా మొగుడు పదేండ్లలో ఒక్కసారి గూడా నాతో అట్లా నగలా. నీది అదురుష్టమక్కా."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నన్ను చూసి ఆమె ఈర్ష్య పడుతోంది! ఏమని చెప్పను? ఆ నవ్వులో నేను లేనని చెబితే ఇంకెవరున్నారని అడుగుతుంది. "జాగ్రత్తగా వెళ్లమ్మా" అని తలుపు వేశాను.

అదే రోజు రేడియో బ్యాటరీలు అయిపోయాయి. అది సైటులో వాడుకునే చిన్న రేడియో, బ్యాటరీల మీదే నడిచేది. మా ఇంట్లో ఉన్న టూ-ఇన్-వన్‌లో దూరపు స్టేషన్లు పలకవు. మా ఆయన సాయంత్రం వీధులన్నీ తిరిగి ఉత్త చేతులతో వచ్చారు. "ఎవరిదగ్గరా లేవు. నీకెక్కడైనా కనిపించాయా?" అని అడిగారు.

"లేదు" అన్నాను.

పొట్లం అప్పటికే బియ్యం డబ్బాలో అడుగున ఉంది. ఎందుకు చేశావంటే ఇప్పటికీ ఒకటే సమాధానం. ఫలితాలు తెలియకపోతే ఆ ఆట ఆగిపోతుందనుకున్నాను. ఆట ఆగిపోతే ఆయన వంటగదిలోకి వస్తారనుకున్నాను.

ఆట ఆగలేదు. ఫలితాలు లేకుండానే రెండు శనివారాలు జోస్యాలు రాసుకున్నారు. కానీ నవ్వు ఆగింది. పెద్దమనిషి అన్నం సగంలో వదిలేయడం మొదలుపెట్టాడు. ఆట మీద ఇంత పిచ్చేమిటని నాలో నేను కసిగా అనుకున్నాను.

రెండో శనివారం తర్వాత, మా ఆయన రొట్టెల కోసం వెళ్లినప్పుడు, ఆ పెద్దమనిషి మొదటిసారి వంటగది గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, మిమ్మల్ని ఒకటి అడగాలి. మీరు బయటికి వెళ్లినప్పుడు ఎక్కడైనా బ్యాటరీలు కనిపిస్తే... ఆట కోసం కాదు. ప్రతి శుక్రవారం నా భార్య మాట్లాడుతుంది."

నాకు అర్థం కాలేదు. "ఎక్కడ మాట్లాడుతుంది?"

"రేడియోలో. ఇక్కడ దాక్కున్నవాళ్ల కోసం ఇళ్లనుంచి కబుర్లు చదివిస్తారు. మా అమ్మాయికి ఇవి నెలలు నిండే రోజులు. మీకు తెలుసనుకున్నాను."

నాకు తెలియదు. ఇయర్‌ఫోన్‌లో ఆయన ఆటల ఫలితాలు మాత్రమే వింటున్నాడనుకున్నాను. మా ఆయనకి తెలుసు. నాకు చెప్పలేదు. ఆ క్షణంలో కూడా, నా తప్పు కంటే ముందు అదే గుర్తొచ్చింది. సిగ్గేస్తుంది రాయడానికి.

వెంటనే తీసి ఇచ్చేంత ధైర్యం లేకపోయింది. మూడు రోజులు ఆగి, సంచీ పట్టుకుని బయటికి వెళ్లి, ఊరికే వీధి చుట్టూ తిరిగొచ్చి "దొరికాయి" అన్నాను. ఆ పెద్దమనిషి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఎక్కడ దొరికాయని ఎవరూ అడగలేదు.

శుక్రవారం ఆ పెద్దమనిషి ఇయర్‌ఫోన్ తీసేసి, రేడియో గొంతు బాగా తగ్గించి, మమ్మల్నిద్దర్నీ గదిలోకి పిలిచాడు. నేనా గదిలో కూర్చోవడం అదే మొదలు. ముగ్గురం తలలు దగ్గరికి చేర్చి విన్నాం. ఎవరెవరివో పేర్లు, ఎవరెవరి తల్లులో. చివరికి ఒక ఆడగొంతు, కాస్త బొంగురుగా, తొందర తొందరగా.

"ఇక్కడంతా క్షేమం. పాపాయి ఇప్పుడు బాగా నిద్రపోతోంది. ముక్కు నీదే వచ్చింది, పాపం..."

"పాపా?" అన్నాడాయన. "పాపా? ఎప్పుడు? ఎప్పుడు పుట్టింది?" అని రేడియోనే అడిగాడు. అది చెప్పదు కదా. పుట్టిన వార్త అంతకుముందు శుక్రవారమో, ఆ ముందుదో చదివేసి ఉంటారు. ఆయన నవ్వుతున్నాడు, కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆమె ఇంకా మాట్లాడుతోంది.

"ఈ ఆదివారానికి నా జాబితా రాసుకో. చికాగో. డెన్వరు. బఫెలో, పెద్ద తేడాతో. మన ఊరి జట్టు ఓడిపోతుందని రాశాను. కోపం తెచ్చుకోకు."

"చూశారా!" అని ఆయన మా ఇద్దరివైపూ తిరిగాడు. "ఎప్పుడూ ఇంతే! నేనేమో సొంత ఊరికి వ్యతిరేకంగా రాయను. తను ఓడిపోతుందని రాసి ప్రతిసారీ నా మీద గెలుస్తుంది. పెళ్లయినప్పటినుంచీ ప్రతి శనివారం మా ఫ్రిజ్ తలుపు మీద రెండు జాబితాలు ఉంటాయి. ఒకటి నాది, ఒకటి తనది."

అప్పుడు తెలిసింది, మా ఆయన ఇన్నాళ్లూ కూర్చున్న కుర్చీ ఎవరిదో. ఆ పెద్దమనిషి భార్యతో ఆడే ఆటని, ఆవిడ లేక, మా ఆయనతో ఆడుకున్నాడు. నా ఈర్ష్య చల్లారిందనుకుంటారేమో. లేదు. అది ఆ పెద్దమనిషి మీదనుంచి లేచి వెళ్లి, ఎన్నడూ చూడని ఆ ఆడమనిషి మీద కూర్చుంది. సముద్రాల అవతలినుంచి కూడా ఆమె మొగుడితో పందెం వేస్తోంది. నేను గోడ అవతలే ఉండి మాట కలపలేకపోయాను.

మర్నాడు శనివారం. వాళ్లు కాగితాలు తీస్తుంటే నేను గుమ్మంలో నిలబడి ఇంగ్లీషులో చెప్పేశాను. బ్యాటరీలు ఎప్పటినుంచి ఉన్నాయో, ఎక్కడ దాచానో.

పెద్దమనిషి కలం కింద పెట్టాడు. "ఎందుకు?" అన్నాడు.

"ఈర్ష్య" అన్నాను. ఇంగ్లీషులో ఆ మాట అనడం తేలికే.

ఆయన కాగితం మడతపెట్టాడు. "నేను కాసేపు ఒంటరిగా ఉంటాను" అని తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

మా ఆయన నన్ను వంటగదిలోకి తీసుకెళ్లి కొళాయి తిప్పారు. నీళ్ల చప్పుడులో, గుసగుసగా, పోట్లాడుకున్నాం. గట్టిగా అరవడానికి వీల్లేని ఇల్లది.

"నీకు మతి ఉందా? మనవరాలు పుట్టిన కబురు అది! ఆయనేం చేశాడు నీకు?"

"ఆయనేం చేయలేదు. మీరు చేశారు. శుక్రవారం ఆవిడ మాట్లాడుతుందని నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పలేదా?"

"మీరు నాకేం చెప్పారు గనక! ఆ భుజం ఎలా విరిగిందో ఆయనకి చెప్పారు. నాకేమో చిన్నప్పుడు పడ్డానన్నారు. నాలుగేళ్లనుంచి నేను మీకు అన్నం పెట్టే మనిషినేనా?"

ఆయన కొళాయి కట్టేశారు. మళ్లీ తిప్పారు. "కబడ్డీ అంటే నువ్వు నవ్వుతావనుకున్నాను" అన్నారు. "ఉద్యోగం, జీతం చూసి ఇచ్చారు కదా మీవాళ్లు. ఓడిపోయి కూర్చున్న ఆటగాడినని ఎలా చెప్పను?"

"ఓడిపోలేదుగా. గెలిచామని చెప్పారు ఆయనకి."

"అదీ విన్నావా?"

"అన్నీ విన్నాను. బఫెలో మంచుతో సహా."

ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నవ్వో, ఏడుపో నాకు తెలియలేదు. ఆ పూట అక్కడే నేల మీద కూర్చుని, ఆ ఫైనల్ మొత్తం మొదటినుంచీ చెప్పారు. ఎవరు కూతకి వచ్చారు, ఎవరి కాలు ఎలా పట్టారు, ఎముక విరిగినప్పుడు ఏ చప్పుడు వచ్చింది. అన్నం పొయ్యి మీద చల్లారిపోయింది.

పెద్దమనిషి నాతో మామూలుగా ఉండటానికి చాలా రోజులు పట్టింది. థాంక్యూ మేడమ్ అనేవాడు గానీ కళ్లెత్తేవాడు కాదు. అది నాకు రావలసిందే. శనివారాలు మాత్రం మళ్లీ మొదలయ్యాయి. నేను ఆ గదిలోకి వెళ్లలేదు. ముందుగా మా ఆయన అట్ట చూసి వచ్చి, వంటగదిలో ఆ వారం ఆటలు నాకు చదివేవారు, నేను నాకు తోచింది చెప్పేదాన్ని. ఎవరు ఎంత దూరం ప్రయాణం చేసి వస్తున్నారో, ఎవరికి దెబ్బలు తగిలి ఉన్నాయో అడిగేదాన్ని. ఒక వారం నా జోస్యాలు మా ఆయనవాటికంటే రెండు ఎక్కువ సరిపోయాయి. "ఊరికే తగిలాయి" అన్నారు, ముఖం చిన్నబుచ్చుకుని. చాలా సంతోషంగా అనిపించింది.

డిసెంబరులో పరదేశీయులందరినీ వదిలేస్తున్నామని ప్రకటన వచ్చింది. ఆ పెద్దమనిషి ఒక పొద్దున మా ఆయన చొక్కా వేసుకుని, మూడున్నర నెలల తర్వాత మొదటిసారి మా ముందు తలుపులోంచి నడిచి బయటికి వెళ్లాడు. మా ఆయన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. నాకు చెయ్యి ఇచ్చాడు. కిందినుంచి ఎవరో "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నారు.

ఆ తర్వాత వారానికే మేమూ బయల్దేరి, యుద్ధం మొదలయ్యేలోపు విజయవాడ చేరాం.

ఎండలు ముదిరే వేళకి ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. రెండు పేజీలు, అటూ ఇటూ నిండా, మా ఆయన పేరు మీద. పాప ఫొటో ఒకటి, నిజంగానే ఆ ముక్కే. వాళ్ల ఊరి జట్టు ఎన్నిసార్లు ఓడిందో, ఎందుకు ఓడిందో వివరంగా ఉంది. నా గురించి చివర రెండే రెండు ముక్కలు. మా ఆయన వాటిని నాకు చదివి వినిపించి, ఇంగ్లీషు నాకు రానట్టు తెలుగులో కూడా చెప్పారు.

"నాకు కోపం లేదని మీ ఆవిడతో చెప్పండి. పూర్తిగా పోయిందని అనను గానీ, చాలావరకు పోయింది."

"ఇంత పెద్ద ఉత్తరంలో నాకు ఇదేనా?" అన్నాను.

"నీకింకా ఈర్ష్యేనా?" అన్నారాయన.

అవునన్నాను. ఆయన కలం, కాగితం తెచ్చి నా ముందు పెట్టి, జవాబు నన్నే రాయమన్నారు.